సప్పుడు కావాల్సిన మనిషి

తొంభైల్లో శంషాబాద్‌లో మా వెనక గదిలో అద్దెకున్న యువకుడు కాటేదాన్‌లో, మరలు ఆగని ఫ్యాక్టరీ పక్కన పెరిగినవాడు. నిశ్శబ్దంలో నిద్ర పట్టేది కాదు. కీచుమనే ఫ్యానుకు నూనె వేయబోతే, “వద్దు సారూ, గా సప్పుడు పోతె నాకు నిద్ర పోతది” అన్నాడు.

ఫౌజులో చేరాలనుకున్నాడు, ఏ దళమో తేలలేదు. సెలవు మీద వచ్చిన ప్రతివాణ్నీ ఒకటే అడిగేవాడని నా డైరీలో ఉంది: “అన్నా, మీరు పండుకునేకాడ సప్పుడుంటదా?”

“కొండల మీద సప్పుడేంది? మన ఊపిరి మనకే ఇనబడ్తది” అన్నాడు ఆర్మీ అతను.

“ఓడల ఇంజన్ బందే కాదు తమ్మీ” అన్నాడు నావికుడు.

మర్నాడే నాతో నేవీ దరఖాస్తు నింపించాడు.

చేరిన ఏడాదికి ఉత్తరం రాశాడు: “సారూ, ఓడను రిపేరుకు పెట్టిన్రు. ఇంజన్ బంద్. నిద్ర లేక పరేషాన్. ఆ ఫ్యానుకు నూనె పోసిన్రా?”

పోయలేదని అదే రోజు జవాబు రాశాను.