జోగయ్య రాళ్ళు

దయ్యాలున్నాయని నా ఎదుట ఎవరైనా అంటే ఇప్పటికీ పోట్లాడతాను. నేను బడికి పోలేదు. సంతలో బెల్లం కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. కళ్ళతో చూడనిది నమ్మను. ఇది మాత్రం చూశాను.

మా గొల్లపల్లి అడవిదారిలో రాళ్ళకుప్ప ఒకటుంది. అక్కడ జోగయ్యను ఎలుగుబంటి చంపినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ముఖమన్నది మిగల్లేదు. మృగం చేతిలో చచ్చినవాణ్ణి ఊళ్ళోకి తేకూడదని పడ్డచోటే కాల్చారు. అప్పటినుంచీ ఆ దారిన పోయే ప్రతివాళ్ళూ ఆయన పేరున ఒక రాయి వేసి పోతారు. అరవై ఏళ్ళు తిరిగాను, నేను ఒక్కటీ వేయలేదు.

మొన్నటి ఎండాకాలం పొద్దున నేనూ, నా భార్య ముత్తమ్మా ఇప్పపువ్వు ఏరడానికి పోయాం. మా చెట్టు ఆ కుప్పకు పక్కనే. ముత్తమ్మ వంగి రాళ్ళు వేసింది.

"నువ్వూ ఒకటెయ్యరాదా? చెయ్యి అరుగుతదా ఏంది?"

"మీ జోగయ్యనొచ్చి ఒక గంప పువ్వు ఏరిపెట్టమను, ఏస్తా."

"నవ్వింది చాలు గాని, ముందు నడుం వంచు."

గంప సగమైనా నిండలేదు. పొదలోంచి ఎలుగుబంటి వచ్చి ముత్తమ్మను వెనకనుంచి పడగొట్టింది. ఒక్క పంజాతో నెత్తిచర్మం నుదుటిదాకా ఊడదీసింది. భుజం కరిచిపట్టి ఊపుతుంటే ఎముక విరిగిన చప్పుడు విన్నాను. కర్రతో బాదాను. కర్ర విరిగింది. అది నా వైపు చూడనైనా లేదు.

అప్పుడొక రాయి వచ్చి దాని మూతికి తగిలింది. ఇంకొకటి కంటికి. తర్వాత వడగళ్ళవానే. అన్నీ కుప్ప వైపు నుంచే. పళ్ళు రాలి, కన్ను చితికి, రక్తం కక్కుకుంటూ అది పారిపోయింది. ముత్తమ్మ మీద ఒక్క రాయి పడలేదు. కుప్ప దగ్గర చూస్తే, అంత వెలుతురులో, ఒక్క మనిషి లేడు.

నా కేకలకు ఊరివాళ్ళు వచ్చారు. మంచం మీద మోసుకుపోయాం. భద్రాచలంలో నెత్తి కుట్టారు. బతికింది.

విచారణకు వచ్చిన అటవీశాఖ గుమస్తా, ఎలుగుబంటిని గ్రామస్తులు రాళ్ళతో తరిమారని రాసుకున్నాడు.

"ఏ గ్రామస్తులయ్యా? పేర్లు రాయి!"

"దాదా, భూత్ అని రాస్తే సాహెబ్ నన్నే జంగల్‌కు తోలుతడు," అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. భూతమని నేనెప్పుడన్నాను? చూసింది రాయమన్నాను, అంతే.

ఇంటికొచ్చాక ముత్తమ్మ మెల్లగా చెప్పింది: "పెండ్లయినకాడినుంచి రెండేసి వేస్తున్న. ఒకటి నాది, ఒకటి నీ పేరు మీద. చెప్తే కొట్లాడతవని చెప్పలే."

ఆ రాళ్ళు ఎవరు విసిరారో నాకిప్పటికీ తెలియదు. దయ్యమంటే ఒప్పుకోను. వేరే జవాబూ నా దగ్గర లేదు.

ఇప్పుడు ఆ దారిన పోతే రెండు రాళ్ళు వేస్తాను. ముత్తమ్మ కుడిచెయ్యి ఇక లేవదు.