కుడికంటిలో ఈగలు

నా చిన్నప్పుడు, తొలి తెలంగాణ ఉద్యమం రోజుల్లో, తార్నాకలో అందరి కళ్ళూ ఎర్రగానే ఉండేవి. యూనివర్సిటీలో పోలీసులు వదిలిన బాష్పవాయువు గాలివాటాన మా వీధిదాకా వచ్చేది. అమ్మ కిటికీలు మూసి తడిగుడ్డతో నా మొహం తుడిచేది. అందుకే నా కన్నొక్కటి వేరే కారణంతో ఇబ్బంది పెడితే ఇంట్లో వాళ్ళకు తేడా తెలియలేదు.

నాన్నగారు ఉద్యోగం కోసం తెనాలి నుంచి వచ్చారు. నేను మాత్రం ఇక్కడే పుట్టాను. తెనాలి వెళ్తే హైదరాబాదు పిల్లనని నవ్వేవారు, ఇక్కడేమో ఆంధ్రావాళ్ళ పిల్లనయ్యాను. బడి మూసేశాక వీధి పిల్లలెవరూ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఆటకు పిలవడం మానేశారు, అంతే. తిట్టినా బాగుండేది, మాట్లాడినట్టయినా ఉండేది. పెరట్లో ప్రహరీగోడకు రబ్బరుబంతి కొట్టి, తిరిగొస్తే పట్టుకుని, మళ్ళీ కొట్టేదాన్ని. ఆ ఆటలో నాతో ఆడింది గోడొక్కటే.

ఒక మధ్యాహ్నం బంతి వచ్చి కుడికంటికి తగిలింది. ఏడుస్తూ లోపలికి పరిగెత్తాను. "ఎవరు కొట్టారే?" అంది అమ్మ. ఏడుస్తూనే గోడవైపు వేలు చూపించాను. గోడకు అవతల పక్కింటి అక్క ఉండేది. యూనివర్సిటీలో చదువుకుంటూ, అన్నతో కలిసి అద్దెకుండేది. నల్గొండ వైపు రైతు కుటుంబం, ఊరేగింపులకు వెళ్ళే మనిషి. అమ్మకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది. బంతే తగిలిందని తరవాత ఎంత మొత్తుకున్నా, భయపడి దాస్తున్నాననుకున్నారు. "ఇంకొక్కటి జరిగిందా, తల్లీకూతుళ్ళను తెనాలి పంపించేస్తాను" అన్నారు నాన్నగారు.

ఎరుపు తగ్గింది. తగ్గాక ఈగలొచ్చాయి. నల్లటి చుక్కలు, వెంట్రుకలాంటి పోగు ఒకటి, ఎటు చూస్తే అటు జారేవి. తోలితే పోయేవి కావు. కన్ను పోతుందేమోనని భయం పట్టుకుంది. చెబితే తెనాలి, చెప్పకపోతే గుడ్డితనం. ఎవరితో చెప్పుకోను? కన్ను చికిలిస్తుంటే అమ్మ, "పాడు పొగ" అని మళ్ళీ తడిగుడ్డ తెచ్చేది.

నేను పెరట్లో గాలిలో చేతులాడిస్తుంటే పక్కింటి అక్క గోడమీంచి చూసింది. "ఏందే, ఎవల్ని కొడ్తున్నవ్? ఈడ ఎవలు లేరు గద!" అంది నవ్వుతూ. చాలా రోజులకు నన్నొక మనిషి పలకరించింది. ఏడుపాగలేదు. ఈగల సంగతి, గోడవైపు వేలు చూపించిన సంగతి, అన్నీ చెప్పేశాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

నిందపడ్డ మనిషి మా గడప తొక్కుతుందని నేననుకోలేదు. చున్నీ సర్దుకుని నేరుగా వచ్చేసింది. "చిన్నమ్మా, నామీద కోపముంటె తర్వాత తిట్టు. పిల్ల కన్నుల నల్లగ ఏందో ఆడుతున్నదట. డాక్టర్‌కు చూపెట్టాలె, పా" అంది. అమ్మ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. వెంటనే చెప్పులేసుకుంది.

రిక్షాలో ముగ్గురం క్యాంపస్ మీదుగా అడిక్‌మెట్‌లోని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. డాక్టరుగారు చుక్కల మందు వేసి, చాలాసేపు చూసి, కన్నుకేమీ ప్రమాదం లేదన్నారు. దెబ్బవల్ల లోపల చిన్న పోగులు కదులుతున్నాయని, వాటి నీడలే నాకు కనిపిస్తున్నాయని చెప్పారు. అవి పూర్తిగా పోకపోవచ్చట. మెరుపులు కనిపించినా, తెర పడ్డట్టున్నా వెంటనే రమ్మన్నారు.

తిరిగొచ్చేటప్పుడు మందు ప్రభావానికి ఎండ సూదుల్లా గుచ్చుకుంది. తెల్లటి ఆకాశంలో ఈగలు మరీ ఎక్కువయ్యాయి. నేను కళ్ళు అటూ ఇటూ తిప్పుతుంటే అక్క గడ్డం పట్టుకుని ఆపింది. "వాటెంబడి ఉరకకు. నువ్వు ఉరికితె అవి ఉరుకుతయ్. గా దూరపు చెట్టు దిక్కు చూడు. వాటి తొవ్వన అవి పోతయ్." చెట్టువైపు చూశాను. ఈగలు పోలేదు, కానీ వాటి వెనక చెట్టు, దాని కింద మనుషులు కనిపించారు. ఇంటి గేటు దగ్గర అమ్మ, అక్క చెయ్యి పట్టుకుని, "కాఫీ తాగి వెళ్ళమ్మా" అంది. అమ్మకు క్షమించమని అడగడం అంతవరకే వచ్చు.

మమ్మల్ని తెనాలి పంపలేదు. వెళ్ళిపోయింది అక్కే. కాలేజీలు ఎప్పుడు తెరుస్తారో తెలియక వాళ్ళన్న ఆమెను ఊరికి తీసుకెళ్ళాడు. నేను పండక్కి అమ్మమ్మగారింట్లో ఉన్న నాలుగు రోజుల్లో ఇల్లు ఖాళీ చేశారు. ఏ ఊరో కూడా అడిగి ఉంచుకోలేదు.

ఇప్పుడు వయసు మీదపడి ఎడమకంట్లోనూ ఈగలొచ్చాయి. అవి ముసలితనానివి. కుడికంటివి మాత్రం తార్నాకవి. ఆమె చెప్పినట్టే దూరంగా చూస్తూ బతికాను, కళ్ళ విషయంలో ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. మనుషుల విషయంలోనే ఆ పాఠం వంటబట్టలేదు. తార్నాక బస్టాపులో నాకన్నా పదేళ్ళు పెద్దావిడ ఎవరు కనబడినా, ఇప్పటికీ నాలుగడుగులు వెంట నడిచి, మొహం చూసి, వెనక్కి వస్తాను.