మజ్జిగ చెంబు పెట్టిన పరీక్ష

నా చిన్నప్పుడు, మా ఇంట్లో మోటారుసైకిలు కొందామన్న మాట పుట్టిన దగ్గర్నుంచి అది వాకిట్లోకి వచ్చేదాకా నేను కుదురుగా అన్నం తిన్న గుర్తు లేదు. కంచం ముందు కూర్చున్నా నా నోరు డుబడుబమంటూనే ఉండేది. మా అమ్మ విసిగిపోయి, "ఇగ నోరు బంజేసి బువ్వ తిను" అని నెత్తిన ఒకటి మొట్టేది. మాది నారాయణఖేడ్ నుంచి మనూరు పోయే దారిలో ఓ పల్లె. అప్పటికి మా ఊళ్లో మోటారుబండి ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు.

బండి మీద మోజు పడింది మా కాక, అంటే మా నాన్న తమ్ముడు. దాని అవసరం మాత్రం మా నాయనమ్మది. ఆమెకు తోడబుట్టింది ఒక్కతే అక్క. ఆ అక్కను సోలాపూర్ అవతల ఒక పల్లెలో ఇచ్చారు. నాయనమ్మకేమో బస్సు పడదు. ఎక్కిన కాసేపటికే కడుపులో తిప్పి వాంతులు మొదలయ్యేవి. ఎన్నిసార్లు బయల్దేరినా జహీరాబాదు చేరకముందే దిగిపోయి, కొంగుతో మొహం తుడుచుకుంటూ ఇంటికి తిరిగి వచ్చేది. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుని ఏళ్లు గడిచిపోయాయి. అక్కకు చూపు మందగిస్తోందని కబురు వచ్చాక ఆమెకు ఒకటే రంధి పట్టుకుంది. "కండ్లు కనవడుతున్నప్పుడే ఒక్కపారి పోయి నా మొఖం సూపెట్టొస్త" అని అందరితోనూ అనేది. ఎడ్లబండి మీద ఎంత దూరం పోయినా ఆమెకు ఏమీ కాదు, మొహానికి గాలి తగిలితే చాలు. అందుకే కాక, మోటారుసైకిలు కొని తల్లిని సోలాపూర్ తీసుకుపోతానని మాటిచ్చాడు. బరువు ఆగితే నన్ను కూడా తీసుకుపోతానన్నాడు. నా ప్రాణమంతా ఆ "ఆగితే" మీదే ఉండేది.

ఖేడ్ బస్టాండు వెనకాల పాత బండ్లు బాగుచేసి అమ్మే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. మేము ముగ్గురం ఎడ్లబండి కట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాం. అక్కడ రెండు మోటారుసైకిళ్లు ఉన్నాయి. ఒకటి ఎర్రది, సన్నగా, ఎత్తుగా, తళతళలాడుతూ ఉంది. రెండోది నల్లది, చూడటానికే బరువు, దున్నపోతులా నిలబడి ఉంది. కాక నల్లదానివైపు తల కూడా తిప్పలేదు. ఎర్రదాన్ని ఎక్కి రయ్యిమని ఊరి చివరిదాకా పోయి వచ్చాడు. జుట్టంతా వెనక్కి లేచిపోయింది, నవ్వు చెవులదాకా ఉంది. "అవ్వా, సూసినవా, గాలి లెక్క పోతుంది!" అని తల్లితో అన్నాడు. నేనైతే ఎగిరి గంతేశాను.

నాయనమ్మ ఎర్రబండి చుట్టూ తిరిగి, వెనక సీటును చేత్తో తట్టి చూసింది. "ఉత్తగ ఉరికితె ఏమొస్తది రా? మేము ఎక్కినంక ఉరుకుతదా సూడాలె గద" అంది.

మా దిక్కు రైతులు ఎడ్లను కొనేటప్పుడు ఖాళీ కాడి కట్టి నడిపించి బయానా ఇవ్వరు. నిండు బండికి కట్టి ఎత్తు ఎక్కిస్తారు, మళ్లీ దించుతారు. లాగేటప్పుడు ఎలా ఉందన్నదే కాదు, దిగేటప్పుడు బరువును ఎలా ఆపుకుంటుందన్నది కూడా చూస్తారు. మోటారుసైకిలుకు కూడా ఆ పరీక్ష పెట్టాలని ఆమె ఇంటి దగ్గరే అనుకుని వచ్చింది. ఎడ్లబండిలోంచి పెసర్ల సంచి, కరకరలాడే కడక్ రొట్టెల మూట, బట్టల గఠిడీ ఒక్కొక్కటే దించింది. అక్కకు ఏమేం పట్టుకుపోవాలనుకుందో అవన్నీ తెచ్చేసింది. చివరికి ఇంటి నుంచి తెచ్చిన కుండలోంచి ఇత్తడి చెంబు నిండా మజ్జిగ పోసి చేతిలో పట్టుకుంది. ఆ చెంబు ఆమె పుట్టింటిది. చిన్నప్పుడు దానికోసమే అక్కాచెల్లెళ్లు కొట్లాడుకుంటే బావిగట్టు మీద పడి మూతి దగ్గర పెద్ద సొట్ట పోయిందట. ఎందుకీ మజ్జిగ అని కాక అడిగితే, "నువ్వు బండి నడుపు, ఎంత ఒలుకుతదో నేను సూస్త" అంది.

నన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టారు. నాయనమ్మ గోచీ పోసి చీర కట్టేది కాబట్టి రెండు పక్కలా కాళ్లు వేసి గుర్రం ఎక్కినట్టు ఎక్కింది. బస్టాండు జనమంతా నోళ్లు తెరుచుకుని చూశారు, ఆమెకు లెక్కేలేదు. ఊరు దాటేదాకా బాగానే సాగింది. తర్వాత బండి లోపాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. వెనక కాళ్లు పెట్టుకునే కమ్మీలు మరీ పైకి ఉండటంతో నాయనమ్మ మోకాళ్లు కాక డొక్కల్లో గుచ్చుకుంటున్నాయి. సీటు వాలుగా ఉండి, బ్రేకు వేసినప్పుడల్లా ఆమె జారి కొడుకు వీపు మీద పడుతోంది. పెసర్ల సంచి సైలెన్సరుకు తగిలి కమురు వాసన మొదలైంది. ఎత్తు సగం ఎక్కేసరికి ముందు చక్రం తేలికైపోయి హ్యాండిలు అటూ ఇటూ ఊగింది, ఇంజను దగ్గి ఆగిపోయింది. కాక కాలు ఆనిద్దామని చూశాడు. ఆయన పొట్టివాడు, బండి ఎత్తు. మునివేళ్లు తప్ప నేలకు ఆనలేదు. మేము, మూటలు, మజ్జిగ అన్నీ కలిసి మెల్లగా పక్కనున్న జొన్నచేలో ఒరిగిపోయాం.

ఎవరికీ గీత కూడా పడలేదు. నాకు నవ్వాగలేదు. నాయనమ్మ మట్టి దులుపుకుని లేచి చెంబును బోర్లించి చూపించింది. చుక్క లేదు, మజ్జిగంతా కాక అంగీ మీదే ఉంది.

తిరిగి వచ్చి నల్లబండిని తీశారు. మేస్త్రీకి కూడా హుషారొచ్చి, చెంబును తనే మళ్లీ నింపి ఇచ్చాడు. ఈ బండి మొదట్లో నింపాదిగా కదిలింది. సీటు వెడల్పుగా, సమంగా ఉంది. సంచులు వెనకున్న ఇనప క్యారియరు మీద కదలకుండా కూర్చున్నాయి. ఎత్తు మీద దాని చప్పుడు మారిందే కాని నడక మారలేదు. దిగేటప్పుడు కాక బ్రేకు వేస్తే ఎవరూ ఎవరి మీదా పడలేదు. ఆపితే ఆయన పాదాలు రెండూ నిండుగా నేలకు ఆనాయి. నేను ట్యాంకు మీంచి వెనక్కి తిరిగి, "నాయనమ్మా, ఎంతున్నది?" అని అరిచాను. చెంబులో సగానికి పైగానే ఉంది!

అయినా కాక మూతి ముడుచుకునే ఉన్నాడు. "దీన్ని లేపుడే పరేషాన్, అవ్వా. కిక్కు కొట్టికొట్టి కాలు పోతది" అన్నాడు. నేను నాయనమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆమె మూటలు దింపించి, "అట్లయితె లేపి సూడు, స్టాండు ఎయ్యి. నడిపెటోనివి నువ్వు, నీకు గూడ సులువు గావాలె గద" అంది. మేస్త్రీ కిక్కు కొట్టే కిటుకు చూపించాడు. రెండు మూడు సార్లు తన్నాక బండి డుబడుబమంది. కాక మొహంలో మెల్లగా వెలుగొచ్చింది. అది చూశాకే నాయనమ్మ మిగిలిన మజ్జిగ తాగేసి, ఇదే కొందామంది.

ఆ సోలాపూర్ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. హుమ్నాబాద్ దగ్గర బోర్డుల మీద కన్నడ, ఉమర్గా వచ్చేసరికి మరాఠీ. నాయనమ్మకు ఒక్కసారి కూడా కడుపు తిప్పలేదు. ఎర్రబండి పోయిందని మూతి ముడిచిన మా కాక నోట దారి పొడుగునా పాటలే. సాయంత్రానికి ఆ పల్లె చేరాం. గుమ్మంలో కూర్చున్న పెద్దావిడ మావైపు చూసింది కాని, దుమ్ము కొట్టుకుపోయిన ఈ మనిషి ఎవరో ఆమెకు ఆనలేదు. నాయనమ్మ తన పేరు చెప్పలేదు. "దూప అయితుంది, జర నీళ్లు పొయ్యి" అని చెంబు చాపింది. పెద్దావిడ చెంబు అందుకుంది. ఆమె వేళ్లు మూతి చుట్టూ తిరిగి సొట్ట దగ్గర ఆగిపోయాయి. తర్వాత ఆ ఇద్దరూ ఏడ్చిన ఏడుపుకు వీధి వీధంతా వచ్చింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మా ఆయన రిటైరైన దగ్గర్నుంచి మోటారుసైకిలు మీద గోకర్ణం దాకా పోదామని ఒకటే గోల. పిల్లలు కారులో వెళ్లమన్నా వినలేదు. మొన్న సంగారెడ్డిలో షోరూముకు వెళ్తే ఆయన ముందు సీటెక్కి అద్దంలో మీసం సవరించుకుంటున్నాడు. నేను ఆటోలోంచి సర్దిన బ్యాగులు దింపించి, వెనకెక్కి కూర్చుని, ఇప్పుడు నడుపు అన్నాను. మేనేజరు నవ్వాడు. మూడో బండికి గాని నా మోకాళ్లు, ఆయన పాదాలు రెండూ ఒప్పుకోలేదు. అదే కొన్నాం. ఇల్లు అద్దెకు తీసుకున్నా, పిల్లకు సంబంధం చూసినా నేను ఇలాగే చేశాను. ఖాళీగా చూసి దేన్నీ మెచ్చుకోలేదు, వెనక కూర్చునేవాళ్లను అడగకుండా దేనికీ ఊ కొట్టలేదు.

నాయనమ్మ చెంబు నా దగ్గరే ఉంది. ఎల్లుండి బయల్దేరుతున్నాం. దారి చుట్టయినా సరే, మొదటి మజిలీ సోలాపూర్ అవతలి ఆ పల్లె. ఆ పెద్దావిడ మనవరాలు ఇప్పుడా ఇంట్లో ఉంటోంది. ఆమె నన్ను ఎప్పుడూ చూడలేదు, సొట్ట చెంబు కథ మాత్రం ఆ పెద్దావిడ నోట వినే పెరిగిందట. తలుపు తీయగానే నేను పేరు చెప్పను, దూపవుతోందని చెంబు చాపుతాను.