మాస్టారి ఎడమ

ఆనాడు నవంబరు పదకొండో తేదీ, మంగళవారం. కిటికీ అద్దాలకు పట్టిన పొగమంచు పది గంటలైనా వీడలేదు. తేదీ ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణముంది: ఆ తేదీ వేసి నేను రాసిన ఒకే ఒక్క వాక్యం ఒక మనిషి పనికి ఎసరు పెట్టబోయింది.

వాక్యం ఇది: “ఎడమ దీపం మిణుకుమిణుకుమంటున్నది, సరిచేయవలెను.” విరామచిహ్నం సైతం ఉండవలసిన చోటనే ఉన్నది. ఆ చీటీని కారు తాళంతో పాటు మరమ్మతు షెడ్డు గేటు దగ్గర ఇచ్చి, ముప్పైనాలుగేళ్లు పిల్లల వాక్యాలు దిద్దినవాడి ధీమాతో ఇంటికి నడిచాను.

ఆ షెడ్డులో దీపాల పని చూసే ఆవిడను అందరూ గోడక్క అనేవారు. దీపం విప్పి బిగించిన ప్రతిసారీ బండిని గోడకెదురుగా నిలిపి, వెలుగు ఎక్కడ పడుతున్నదో సుద్దగీతలతో సరిచూడనిదే పంపేది కాదు గనుక ఆ పేరు. ఆమె సుద్దముక్క పట్టుకొనే తీరు చూస్తే మా వృత్తిలోకి రావలసిన మనిషి అనిపించేది. అంతకుముందు ఎనిమిదేళ్లు అక్కడే కార్లు కడిగింది. ఎంత తుడిచినా పోని మసక దీపం లోపలి చెమ్మ అని గమనించి, అది ఎటునుంచి వచ్చిందా అని వెతకడంతో ఆమె చదువు మొదలైంది. యజమాని ఆమెకు దీపాల బల్ల అప్పగిస్తూ ఒక షరతు పెట్టాడు: నెలలోగా ఒక్క బండి అదే ఫిర్యాదుతో తిరిగివచ్చినా మళ్లీ నీళ్ల గొట్టమే. నా కారు వెళ్లేనాటికి గడువు ఇంకా నాలుగు రోజులున్నది.

ఆమె ఎడమ దీపం విప్పి, తీగల మొనలు శుభ్రం చేసి, ఆరబెట్టి, బిగించి పంపింది. గురువారం దీపం మళ్లీ మిణుకుమన్నది. రుసరుసలాడుతూ వెళ్లాను.

“ఏమ్మా, తిరిగొచ్చిందిగా బండి!” అన్నాడు యజమాని.

గోడక్క ముఖం పాలిపోయింది. షట్టరు సగం దించి, నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, దీపాలు వేయించింది.

“మాస్టారూ, ఎడమ చెయ్యెత్తండి.”

“నేనేమన్నా ఒకటో తరగతి పిల్లవాణ్ణా?”

“కాదులెండి, ఎత్తండి. ఇప్పుడు గోడ చూడండి.”

చెయ్యెత్తిన వైపు వెలుగు నిలకడగా ఉన్నది. కాసేపటికి, దీపాలు వేడెక్కాక, రెండో వైపుది కన్నుకొట్టసాగింది.

నా చెయ్యి నెమ్మదిగా దిగింది. మంగళవారం నేను కారుకెదురుగా నిలబడి చూశాను. నా ఎడమ దానికి కుడి. ‘ఎడమ’ అన్నది షష్ఠీ విభక్తి లేనిదే బతకలేని మాట. ఎవరి ఎడమో చెప్పకపోతే దానికి అర్థమే లేదు. పిల్లల వ్యాసాల్లో ఈ లోపానికి ఎన్ని ఎర్రగీతలు గీశానో!

ఆ చీటీ ఆమె చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్నది. తీసి యజమానికి చూపిస్తే చాలు, ఆమె బయటపడేది. కానీ ఆమె తన చెయ్యి జేబు వైపు కూడా పోనివ్వలేదు.

“తప్పు నాదండీ,” అన్నాను యజమానితో. “నా ఎడమ రాశాను, బండి ఎడమ కాదు.”

“నాదీ ఉంది,” అన్నదామె వెంటనే. “ఇంత అందమైన రాత తప్పెందుకవుతుందిలే అని రెండోవైపు చూడలేదు. చూడాల్సింది.”

యజమాని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “అయితే తిరిగొచ్చింది బండి కాదు, మాస్టారు!” అని పకపకా నవ్వాడు. “నీ బల్ల నీదేలేమ్మా.”

సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి, “బల్బు మారిస్తే పోదా?” అని అడిగాను.

“ఎల్‌ఈడీ దీపం కదా మాస్టారూ, విడిగా బల్బుండదు. వెనక గాలాడే చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. మీ బురద ప్రయాణాలకు అది మూసుకుపోయింది. చెమ్మ ఆరక లోపలి సర్క్యూట్ పలక తుప్పెక్కింది. దీపం మొత్తం మార్చాల్సిందే.”

శనివారం కొత్త దీపం బిగించాక టైర్లలో గాలి చూసి, సుద్దతో గోడకెదురుగా కూర్చుంది. నేను దిగబోతే ఆపింది. “కూర్చోండి, మీ బరువు కావాలి. మనిషెక్కితే బండి వంగుతుంది, వెలుగు మారుతుంది. మనకు దారి కనబడాలి, ఎదురొచ్చేవాడి కళ్లు మాత్రం చెదరకూడదు.” నా మాటకే బరువుందని నమ్మిన నేను అరగంట సేపు మౌనంగా బరువునై కూర్చున్నాను. మర కొంచెం తిప్పడం, లేచి గోడ చూడడం, మళ్లీ తిప్పడం. గీతకూ వెలుగుకూ వేలెడు తేడా ఉన్నా ఆమె ఒప్పుకోలేదు. అంత శ్రద్ధగా నేనెన్ని వ్యాసాలు దిద్దానో చెప్పలేను.

ఏడేళ్ల తరువాత, మొన్న, ఆమె దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. ఒక్క అక్షరం దిద్దకుండా ఇస్తున్నాను:

“మాస్టారికి గోడక్క నమస్కారం. సొంతంగా షెడ్డు పెట్టాను. రెండు గోడలున్నాయి. చీటీలు అచ్చేయించాను, మొదటి గడిలో ‘ఎవరి ఎడమ?’ అని ఉంటుంది. బండి ముందు నిలబడి ఎడమ చెప్పేవాళ్లొస్తే మా వాళ్లు ‘ఇది మాస్టారి ఎడమ’ అనుకుంటారు. కోపం తెచ్చుకోకండి, ఆ మాట మొదట అన్నది నేనే. మీ చీటీ ఇంకా నా దగ్గరే ఉంది, ఎవరికీ చూపించలేదు. ఇన్నేళ్లకు మీ దీపాల మీది అద్దాలు పసుపెక్కి ఉంటాయి, తీసుకురండి, మెరుగు పెడతాను. ఎటువైపో మాత్రం రాయకండి. రెండూ నేనే చూసుకుంటాను.”