బొట్టు పెట్టిన కెమెరా

వానలు వెనకబట్టాక కెమెరా సంచి విప్పానో లేదో, బూజు వాసన గుప్పుమంది. మొన్నమొన్న కొన్న లెన్సు లోపల తెల్లటి బూజు అల్లుకుపోయి ఉంది. భోగాపురం ఉప్పుగాలికి ఏ కెమెరా నాలుగు కాలాలు బతికింది కనక! ఒకదాని బటన్ నొక్కితే పైకి రాదు, ఇంకోదానిలో ఇసుక పడి లెన్సు తిరగదు. విసుగెత్తిపోతోంది.

అయినా మా నాన్న కెమెరా ముందు ఇవి ఏపాటి? రాజాంలో ఎవరో వాడి వదిలేసినదాన్ని మోజుపడి తెచ్చాడు. బ్యాటరీ మూత ఊడితే వల అల్లే నైలాను దారంతో కట్టాడు. ఫ్లాషు ఎండలో వెలిగి చీకట్లో మొండికేసేది, రీలు సగంలో ఇరుక్కునేది, ఎండుచేపలు ఆరేసే రోజుల్లో ఇల్లంతా ఉప్పూ ఈగలూ నిండి, ఎన్ని గుడ్డల్లో చుట్టి గూట్లో దాచినా మరలు తుప్పుపట్టేవి, నాన్న వాటికి కొబ్బరినూనె రాస్తే జిడ్డు అద్దానికి పాకేది, అమ్మ నాన్ననీ కెమెరానీ కలిపి తిట్టేది.

నాయనమ్మకు అప్పటికి ఒక్క ఫోటో కూడా లేదు. తాతను సముద్రం పట్టుకుపోయాక ఆవిడ కెమెరా ముందుకు రాలేదు. కొత్త పడవను నీళ్ళలో దించేరోజున మాత్రం, నాన్న బతిమాలగా బతిమాలగా, ఉతికిన చీర కట్టుకుని పడవ పక్కన పీట మీద కూర్చుంది. డప్పులు, వేపాకు, బెల్లం పొంగలి, తడి ఇసుకలో మా కుప్పిగంతులు. మావాళ్ళు ఆ రోజు పడవతోపాటు వలకీ తెడ్డుకీ ఇంజనుకీ పసుపు రాసి బొట్టు పెడతారు. ఆ ఊపులో అమ్మ కెమెరాకీ పెట్టేసింది, సరిగ్గా లెన్సు ముందున్న అద్దం మీద!

"ఒసే, అద్దం మీదెట్టీసినావేటే!" అని నాన్న తువ్వాలు తీశాడు.

"తుడవకురా," అంది నాయనమ్మ. "నా బొట్టు తుడిసినప్పుడు సూసినావు గదా. అది సాల్లేదేటి?"

నాన్న తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. బొట్టుతోనే ఫోటో తీశాడు.

రీలు కడిగించి తెస్తే, పడవ ముక్కూ, అంచున నిలబడ్డ మా పిల్లల మొహాలూ తేటగా ఉన్నాయి. నడుమ నాయనమ్మ మొహం ఉండాల్సిన చోట ఎర్రటి మసక, దాని కింద ఒళ్ళో పెట్టుకున్న రెండు చేతులు. మళ్ళీ తీద్దామంటే ఆవిడ కూర్చోలేదు. ఆ ఏడు చలికాలంలోనే పోయింది.

ఇప్పుడు ఆ పడవ లేదు, ఒడ్డున ఎండుచేపల పందిళ్ళు లేవు, నాన్నా లేడు. నా కూతురు ఆ ఫోటో పట్టుకొచ్చి, "తాతమ్మ ఎలాగుండేది నాన్నా?" అని అడుగుతుంది. గుర్తు తెచ్చుకోబోతే నాకూ ఆ మసకే కనబడుతోంది. ఈ కోపం ఎవరి మీద చూపించను?

"చేతులు మాత్రం ఇలాగే ఉండేవమ్మా," అంటాను.