పిట్ట కానిదాని ముందు విస్తరి

మెదక్ వెళ్లేవాళ్లు చర్చి చూస్తారు, ఖిల్లా ఎక్కుతారు, సాయంత్రానికి తిరుగు బస్సు పట్టుకుంటారు. నేను రెండేళ్లుగా వెళ్లాలనుకున్నది మాత్రం ఒక బడి వరండాలో వేలాడే బొమ్మ కోసం. నా చిన్ననాటి స్నేహితుడు నర్సింలు ఆ బడిలో జీవశాస్త్రం చెప్పేవాడు. వెదురు బద్దలు, పాత గొడుగుల బట్ట, కట్టుతీగ పోగేసి, కోట్ల ఏళ్ల కింద అంతరించిన ఒక ఎగిరే సరీసృపాన్ని కడుతున్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా "ఎడమ రెక్క అయినంక రారా, గిప్పుడొస్తే ఏం జూస్తవ్" అనేవాడు. రెక్క కాలేదు. ఒక శుక్రవారం పొద్దున గుండె ఆగి మనిషే పోయాడు. మూడోరోజు ఆదివారం పడింది. ఆ రోజు చేసే తంతును అక్కడ పిట్టకు పెట్టడం అంటారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెడతారు, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లు మెతుకు ముట్టరు.

సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో పొద్దున ఆరున్నరకు బస్సెక్కాను. తూప్రాన్ మీదుగా హైవే దారి కూడా ఉంది కానీ, నర్సాపూర్ అడవి మీదుగా వెళ్తే కళ్లకు చల్లగా ఉంటుంది. రెండున్నర గంటల ప్రయాణం, టికెట్ రెండు వందల లోపే. ఆ రోజు అడవి నా కళ్లకు ఆనలేదు. చెవుల్లో అతని గొంతే. పిట్టలది డైనోసార్ల వంశం, ఈ ఎగిరే సరీసృపాలు వాటికి దాయాదులు మాత్రమే, రెంటినీ కలిపితే ఊరుకునేవాడు కాదు. ఈ దాయాదుల్లో పాతకాలపు పొడుగు తోకవాళ్లున్నారు, వాళ్లలో ఒక కుటుంబం క్యాంపిలోగ్నాథాయిడ్లు. వంకర దవడని ఆ పేరుకు అర్థం. మన గోదావరి లోయ రాళ్లలో దొరికిన ఓ దవడ ముక్కను ఒకప్పుడు ఈ కుటుంబంలో చేర్చారు. కాదు, చేపదేమో అని తర్వాత కొందరన్నారు. "చేపదైతే చేపదే. తేలేదాంక మనింటి పిల్లే" అనేవాడు నర్సింలు. అందుకే ఇన్ని కుటుంబాలుండగా దాన్నే పట్టుకున్నాడు.

మెదక్ బస్టాండ్ బయట ఆటో మాట్లాడుకున్నాను. శంకరంపేట రోడ్డులో నర్సింలు సార్ పొలానికి అనగానే డ్రైవర్ ముఖం మారిపోయింది.

"దినాలకొచ్చిండ్రా? కూసోండ్రి సార్. నాకు గూడ పాఠం చెప్పిండు సారు. ఆ బొమ్మను పిట్ట అంటే చాలు, బెంచీ ఎక్కిచ్చెటోడు. నేను మస్తుసార్లు ఎక్కిన."

కిరాయి నూట యాభై. ఇవ్వబోతే నర్సింలు సార్ ఇంటికి తీసుకోనని మొండికేశాడు. అతని జేబులో కుక్కి దిగాల్సి వచ్చింది.

పొలం గట్టున విస్తరి పరిచి ఉంది. అన్నం, కోడికూర, ఉడికిన గుడ్డు, పక్కన కల్లు సీసా. నర్సింలు భార్య సత్తెమ్మ వదిన చెట్టు కింద గోడలా కూర్చుని ఉంది. మూడు రోజులుగా ఆమె కంట నీళ్లు రాలేదని, మంచినీళ్లు కూడా సరిగ్గా తాగడం లేదని నర్సింలు అన్న పోచయ్య నా చెవిలో చెప్పాడు. పది దాటింది. పదకొండయింది. కాకి జాడ లేదు. ఒక్కొక్కరే విస్తరి ముందుకు వెళ్లి నర్సింలుకు మాటిస్తున్నారు. పొలం పడావు పెట్టి బీడు చేయబోమన్నారొకరు, సత్తెమ్మను కడుపుల పెట్టుకుని చూస్తమన్నారింకొకరు. అయినా రాలేదు. నాకు కోపం ముంచుకొచ్చింది. బతికున్న మనిషిని ఎండబెట్టి ఈ ఎదురుచూపులేమిటి?

పోచయ్య నా వైపు తిరిగాడు. "సార్, దోస్తువు గదా, నువ్వన్న జెప్పు. వాని మనసుల ఏం మిగిలిపోయిందో."

"రెక్క," అన్నాను. ఇంకేముంటుంది?

సత్తెమ్మ వదిన లేచింది. విస్తరి రెండు చేతులా ఎత్తుకుంది. "నడువుండ్రి బడికి."

"గట్ల తీస్తరా? విస్తరి కదిలిస్తరా ఏడన్న?" అని పోచయ్య లబలబలాడినా ఆమె ఆగలేదు. బడి తాళంచెవి నర్సింలు బండి తాళాల గుత్తిలోనే ఉంది.

వరండా దూలానికి వేలాడుతోంది బొమ్మ. గుండ్రటి పెద్ద కళ్లు, తిన్నగా సాగిన తోక, వంపు తిరిగిన దవడ. కుడి రెక్క నిండుగా విచ్చుకుని ఉంది, ఎడమది సగంలో ఆగిపోయింది. ఆమె దాని కింద విస్తరి దించింది. పోచయ్య కాసేపు పైకి చూసి గొంతు తగ్గించి అడిగాడు.

"సార్, గిది పిట్టేనా? పిట్టే అను. దీని ముందట పెడితే పిట్ట ముట్టినట్టే అనుకుంటం. సత్తెమ్మ ఇంత తింటది."

ఔననేద్దామని నోరు తెరిచాను. ఆమె గుక్కెడు నీళ్లు తాగితే చాలనిపించింది. శాస్త్రం ఎక్కడికి పోతుంది?

"పిట్ట గాదు బావా," అంది సత్తెమ్మ వదిన. "ముప్పై ఏండ్లు పోరగాండ్లకు గదే చెప్పిండు. గీ పొద్దు మనం అబద్ధమాడితే ఆయనకు బువ్వ దిగుతదా?"

నేను స్టూలు లాక్కుని ఎక్కాను. మిగిలిన వెదురు బద్దలు రెండూ నున్నగా చెక్కి కిటికీలో పెట్టి ఉన్నాయి. మీ చేయి ఒకసారి చూసుకోండి. గబ్బిలం నాలుగు వేళ్ల మీద రెక్క చాస్తుంది, పిట్ట చేతికి ఈకలు మొలుస్తాయి. ఈ జీవికి మూడు వేళ్లు చిన్న గోళ్లుగా మిగిలిపోయి, చిటికెన వేలు లేకుండా పోయి, ఉంగరపు వేలొక్కటే ఒంటికన్నా పొడుగ్గా సాగింది. రెక్క బరువంతా ఆ ఒక్క వేలి మీదే. ఆ వేలిలోని ఎముకలు నాలుగు, నర్సింలు బిగించినవి రెండు. మూడోది నేను కట్టాను. నాలుగోదానికి కింద నుంచి వదిన తీగ అందించి గొడుగు బట్ట లాగి పట్టుకుంది. బట్ట బిగిసింది. అబ్బ, ఎంత రెక్క! వరండా సగం నీడ పడింది.

అప్పుడే గోడ మీద కాకి అరిచింది. ఒకటి కాదు, నాలుగైదు. మొదటిది దిగి, గుడ్డు ముక్కున కరుచుకుని లేచిపోయింది. పోచయ్య చేతులెత్తి మొక్కాడు. సత్తెమ్మ వదిన స్తంభానికి ఆనుకుని, మూడు రోజుల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. తర్వాత నీళ్లడిగింది.

మధ్యాహ్నం బడి భోజనాల వేళకు కాకులు రోజూ ఆ గోడ మీదికి వస్తాయని నర్సింలు ఫోన్‌లో చెప్పి ఉన్నాడు, ఆదివారమని వాటికి తెలియదు. పొలంలో రానిది ఇక్కడెందుకు వచ్చిందో విడమరిచి చెప్పగలను కూడా. చెప్పలేదు. వదిన అడిగి ఉంటే చెప్పేవాణ్ణి, అబద్ధమాడేవాణ్ణి కాదు. ఆమె అడగలేదు. తిరుగు బస్సులో నర్సాపూర్ అడవి దాటేటప్పుడు నా ఉంగరపు వేలు పట్టుకుని కూర్చున్నాను, వాడు పోయాడన్న సంగతి అప్పుడు తగిలింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మెదక్ వెళ్తే ఆ బొమ్మను చూసి రండి. పనిరోజుల్లో బడి వదిలాక హెడ్‌మాస్టర్‌ను అడిగితే చూడనిస్తారు. ఆదివారాలు సత్తెమ్మ వదినే వచ్చి దాని దుమ్ము దులుపుతుంది, తాళం తీస్తుంది. ఒక్కటే జాగ్రత్త. ఆమె ముందు దాన్ని పిట్ట అనకండి, బెంచీ ఎక్కిస్తుంది.