ఎర్మెలిందా చేతులపై మోపిన నేరం

తెయోతిత్లాన్ ఊరి నేతగాళ్ళు రోజంతా మగ్గం ముందు నిలబడి బతుకుతారు. భుజాలు పట్టేసినా మోకాళ్ళు వాచినా, ఒళ్ళు పట్టే ఎర్మెలిందా గడప తొక్కేవారు. చెరకు సారాలో సదాపాకు, నాలుగు రెబ్బల గంజాయి ఆకు నానబెట్టిన సీసా ఆమె మంచం కింద ఉండేది. ఆ ఆకు ఇంట్లో ఉండడం చట్టరీత్యా నేరం. ఆ చట్టాన్ని అమలు చేసే పోలీసు తల్లి మోకాళ్ళకు వారం వారం రాసేదీ ఆ సారానే.

ఒళ్ళు పట్టే మనిషికి ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఒక నియమం ఉంది. పని ముగిశాక, వేడెక్కిన చేతిని తెల్లవారేదాకా చన్నీళ్ళకు తగలనివ్వకూడదు. తగిలితే చలి ఎముకలోకి దిగి వేళ్ళు వంకరపోతాయి. ఎర్మెలిందా ఈ నియమాన్ని ఒక్కనాడూ తప్పలేదు. ఒక రాత్రి తన చంటిబిడ్డ జ్వరంతో కాగిపోతుంటే నుదుటిమీద తడిగుడ్డ వేయడానికి పక్కింటామెను పిలిచిందే గాని తాను నీళ్ళు ముట్టలేదు. ఆ బిడ్డ దక్కలేదు. తరువాత భర్తా పోయాడు. ఇక ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడేవారు నొప్పితో వచ్చినవారే. అందుకే తన వేళ్ళ కణుపులు వాచి వంగుతున్న సంగతిని శాలువా కింద దాచుకుంది.

ఒక మధ్యాహ్నం నేతగత్తె బసీలియా వచ్చి చాపమీద బోర్లా పడుకుంది.

"అబ్బా! ఏంటి పెద్దమ్మా, నా వీపు మీద మొక్కజొన్నలు రుబ్బుతున్నావా? వేళ్ళేమయ్యాయి నీకు?"

"నీ కండ గట్టిది. మోచెయ్యయితేనే దిగుతుంది. కదలకు."

"నా మొగుడికి చెప్పు ఆ మాట, భయపడి చస్తాడు!" అని నవ్వుతూ బసీలియా వెనక్కి తిరిగింది. ఎర్మెలిందా చేతులు దాచుకునేలోపే చూసేసింది. నవ్వు ఆగిపోయింది.

"చన్నీళ్ళలో పెట్టావా?"

"లేదమ్మా."

"మరి ఊరికే వస్తుందా పెద్దమ్మా ఇట్లా?"

సాయంత్రానికి ఆ మాట పిండిమర దగ్గరికి చేరింది. విచారణ లేదు, ఆమె వాదన విన్నవారు లేరు. వేళ్ళే నేరం, వేళ్ళే సాక్ష్యం. నలభై ఏళ్ళుగా ఊరి నొప్పులన్నిటినీ నొక్కీ నొక్కీ అవి వంగిపోయాయని ఒక్కరికీ తోచలేదు. తన చేతులే కాపాడుకోలేనిది మన ఒళ్ళేం బాగుచేస్తుందన్నారు. రావడం మానేశారు. అన్నిటికన్నా ఘోరం, ఆ తీర్పును ఆమే నమ్మసాగింది. ఏనాడు ఏమరుపాటున తడి తగిలిందోనని ఒంటరిగా కూర్చుని గడిచిన రోజులన్నీ తవ్వుకునేది.

నొప్పికి ఆగలేక, ఎవరూ తనను ఎరగని త్లకోలూలా ఆదివారపు సంతకు వెళ్ళింది. అక్కడ టార్పాలిన్ కింద సెనైదా అనే ఆమె కర్పూరం కలిపిన కొవ్వుతో కీళ్ళు పట్టేది. ఆమె ఎర్మెలిందా కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని వేలు వేలూ రుద్దింది. తన చేతిని మరొకరు పట్టుకుని ఎన్నేళ్ళయిందో ఎర్మెలిందాకు జ్ఞాపకం రాలేదు.

"ఏం పని చేస్తావక్కా? బట్టలుతుకుతావా?"

ఔనంటే సరిపోయేది. తనకు తెలియకుండానే నిజం నోటికొచ్చింది.

"ఒళ్ళు పడతాను, నీలాగే. వేడి చేతిని ఎప్పుడూ చన్నీళ్ళలో పెట్టలేదు. అయినా ఇట్లా అయింది."

సెనైదా చేతులు ఆగిపోయాయి. తమ వంతు కోసం బల్లమీద కూర్చున్న ఇద్దరి వైపు భయంగా చూసింది.

"మెల్లగా! నీ నోట్లో మన్ను పడ. వాళ్ళు నా గిరాకీ. రేపు నా చేతులూ ఇట్లా అవుతాయని వాళ్ళనుకోవాలా?"

"అవుతాయో కావో నీ వేళ్ళనడుగు."

"లే తల్లీ, నీకు దణ్ణం పెడతాను. ఈ గుడ్డ చుట్టుకుని వెళ్ళిపో. గాలి తగలనీకు."

ఎడమచేయి అట్లాగే మిగిలిపోయింది.

ఊరికి పోయే కారు కోసం రేకుల పంచ కింద నిలబడేసరికి వాన అందుకుంది. ఎర్మెలిందా కుడిచేతి గుడ్డ విప్పింది. కొవ్వు వేడి ఇంకా ఆరలేదు. ఆ చేతిని చూరు దాటించి వానలోకి చాచింది.

"ఓ అమ్మమ్మా! కర్పూరం వాసనొస్తోంది, చెయ్యి వేడిమీదుంది! లోపలికి తీసుకో, పాడైపోతావ్!" అని పక్కనున్న ఆడవాళ్ళు గగ్గోలు పెట్టారు.

"చూడనీ," అంది ఆమె.

శిక్ష ఏనాడో పడింది. నేరం ఇప్పుడు చేస్తోంది. వాన ఆమె వేళ్ళ మధ్యనుంచి కారిపోతోంది. ఆడవాళ్ళు తమ చేతులను శాలువాల్లోకి లాక్కుని, ఆమెకు ఎడంగా జరిగి నిలబడ్డారు.